దువ్విన ఉన్నితో నున్నటి దారం: ఏ ఉన్ని కొనాలి, దేనిమీద వడకాలి, చెయ్యి ఎట్లా ఆడాలి

నెల్లూరులో ఉన్ని వడుకుతున్నానంటే ముందు నవ్వు, తర్వాత ప్రశ్న: "ఇక్కడ స్వెట్టరు ఎవరేసుకుంటారు?" నిజమే. మాకు చలికాలం అంటే తెల్లవారుజామున ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. నా దారమంతా విమానమెక్కి టొరంటోలో ఉన్న మనవరాలికి టోపీలు, మేజోళ్ళు అవుతుంది. మొదటి టోపీ అందినప్పుడు మా అమ్మాయి వీడియో కాల్‌లో "బాగుందమ్మా" అని, కాస్త ఆగి, "కొంచెం గడ్డలు గడ్డలుగా ఉంది, దానికి నుదురు గీసుకుంటోంది" అంది. ఆ గడ్డలు పోగొట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఈలోపు నాలుగు రకాల ఉన్ని కొన్నాను, మూడు సాధనాలు మార్చాను, చేతివాటం మొత్తం తిరగరాసుకున్నాను. తొందరలో ఉన్నవాళ్ళకు ముందే చెప్పేస్తాను: డబ్బు పెట్టి మార్చినవాటికంటే పైసా ఖర్చు లేకుండా మార్చుకున్న చేతివాటమే ఎక్కువ పని చేసింది.

నాకు నూలు వడకడం చిన్నప్పటి నుంచి వచ్చు. అదే నా కొంప ముంచింది. మాది పెన్న ఒడ్డున పల్లెపాడు పక్క ఊరు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు వచ్చి పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించింది అక్కడే. ఆ గాలి మా అవ్వకు సోకింది, అవ్వ నుంచి నాకు. ఎడమ చేతిలో దూది ఏకు, కుడి చేత్తో రాట్నం. కదురు తిరుగుతుంటే ఎడమ చెయ్యి వెనక్కి, భుజం దాటేదాకా పోతుంది. పురి, అంటే దారం మెలిక, ఏకులోకి పాకి కావలసినంత పీచును తనే పట్టుకొస్తుంది. పత్తికి అది సరైన పద్ధతి. దువ్విన ఉన్నికి సరిగ్గా అదే తప్పు. కాబట్టి నూలు వడికిన చేతులతో ఉన్ని మొదలుపెట్టేవాళ్ళకు ఈ రాత ఎక్కువ పనికొస్తుంది. ఏమీ రానివాళ్ళు ఒక విధంగా అదృష్టవంతులు, మరిచిపోవలసిందేమీ ఉండదు.

ఏకు వేరు, టాప్ వేరు

ఏకిన దూదిని పుల్లకు చుట్టి తీస్తే ఏకు. అందులో పీచు అన్ని దిక్కులకూ చూస్తూ ఉంటుంది, మధ్యలో గాలి ఉంటుంది. దువ్విన ఉన్ని, అమ్మేవాళ్ళు టాప్ అనేది, దీనికి పూర్తిగా తిరుగుడు. మిల్లులో ఉన్నిని ముందు ఏకి, తర్వాత సన్నటి పళ్ళ దువ్వెనలతో దువ్వుతారు. పొట్టి పీచు, ఉండలు, గడ్డిపరకలు దువ్వెనకు చిక్కి మిగిలిపోతాయి. పొడుగు పీచు మాత్రం జడ వేసేముందు దువ్విన జుట్టులా ఒకే దిక్కుకు పరుచుకుని, బొటనవేలికంటే లావుపాటి తాడులా బయటికి వస్తుంది. దువ్వడం మనకు కొత్తదేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీ కోసం గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్ళు చేసే పనే మిల్లు దువ్వెనా చేస్తుంది.

పీచంతా ఒకే వరసలో ఉంటే దారంలో దగ్గరగా సర్దుకుంటుంది, కొసలు లోపలే ఉండిపోతాయి, వెలుగు పడితే మెరుస్తుంది. ఆ నునుపు అక్కడి నుంచి వస్తుంది. ఏకిన ఉన్నితో వచ్చేది బూరులా ఉబ్బుగా, తేలిగ్గా, నూగునూగుగా ఉంటుంది. ఈ రెండింటిలో ఒకటి గొప్పదని అనుకోకండి. మేజోళ్ళకు, మగ్గం మీద పడుగుకు, డిజైను స్పష్టంగా కనబడాల్సిన క్రోషేకు నున్నటిదే కావాలి, ఎందుకంటే అది గట్టిది, త్వరగా ఉండలు కట్టదు. వెచ్చదనమే ముఖ్యమైతే గాలి నిలిచే ఏకిన ఉన్ని మేలు. ఆ లెక్కన మనవరాలి టోపీకి నేను ఏకిన ఉన్ని వాడి ఉండాల్సింది. కానీ అప్పటికి నాకు పంతం పట్టుకుంది.

ఏ ఉన్ని?

మా వీధిలో ఒకామె చాలా రోజులుగా నన్ను అడగాలనుకుని ఒకరోజు అడిగేసింది: "ఏందక్కా, మన ఊళ్ళో ఇన్ని గొర్రెలు పెట్టుకుని ఎక్కడినుంచో పార్సిళ్ళు తెప్పిస్తావు?"

న్యాయమైన ప్రశ్నే. కానీ నెల్లూరు గొర్రె ఉన్ని గొర్రె కాదు. తెల్లగా ఉండే పల్ల, కళ్ళ చుట్టూ మూతి చుట్టూ నల్లమచ్చలుండే జోడిపి, ఎర్రగోధుమ రంగు దొర, మూడూ పొడుగుకాళ్ళ మాంసపు గొర్రెలు. ఒంటినిండా ఉండేది మేకకు ఉన్నట్టు పొట్టి వెంట్రుక. మెడ కింద, మూపు మీద, వెనకభాగాన కాస్త బొచ్చు ఉంటుంది గానీ అది వడకడానికి రాదు. ఈ ఎండల్లో ఉన్ని మోసే గొర్రె బతకడం కష్టమని ఆ జాతిని చూస్తేనే తెలుస్తుంది.

తెలుగు నేల మీద నిజంగా ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. అనంతపురం వైపు, తెలంగాణలో మహబూబ్‌నగర్ వైపు కురుమలు, కురుబలు పెంచేది. నల్లటి గొంగడి దానిదే. గొంగడి వానకు, చలికి, ముల్లుకు, అన్నిటికీ ఆగుతుంది. అంతటి ముతక, పొట్టి పీచును ఏకి వడకడమే న్యాయం. దాన్ని దువ్వి నున్నటి దారం చేద్దామని నేను ఒక కిలో తెప్పించి, చేతి దువ్వెనలు పట్టుకుని వారం రోజులు మేడమీద కూర్చున్నాను. దువ్వాక మిగిలింది గుప్పెడు. వచ్చిన దారం కొబ్బరిపీచు తాడుకు తమ్ముడిలా ఉంది. కాళ్ళు తుడుచుకునే పట్టాకు మాత్రం బాగా పనికొచ్చింది, ఇప్పటికీ గడప దగ్గర ఉంది.

రాజస్థాన్ చోక్లా దేశవాళీ ఉన్నుల్లో మెత్తనిది, మగ్రా తెల్లగా మెరుస్తుంది. రెండూ ఎక్కువగా తివాచీలకు పోతాయి. గోడకు వేలాడదీసే నేతకో, సంచికో కావాలంటే వీటిని పరిశీలించండి. మెడకు తగిలే వస్తువుకు మాత్రం ఇవి వద్దు.

అసలు పోటీ మెరినో అనే సన్నపీచు గొర్రె ఉన్నికీ, దానికంటే కాస్త లావు పీచుండే ఉన్నులకూ మధ్య. అమ్మేచోట కనిపించేవాటిలో తొంభై పాళ్ళు మెరినోయే, అందరూ కొనేదీ అదే, నేనూ మొదట కొన్నది అదే. పీచు లావు సుమారు 18 నుంచి 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పింజ (కొస పట్టి లాగితే ఊడివచ్చే పీచుపొర) పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు, మహా అయితే పది. చెంపకు ఆనించుకుంటే వెన్నలా ఉంటుంది. చేతిలో మాత్రం దొంగ. పీచు అంత సన్నం కాబట్టి చెమట తగిలిందంటే ఒకదానికొకటి అతుక్కుంటుంది, లాగితే రాదు, గట్టిగా లాగితే ఒక్కసారిగా గుత్తిగా వస్తుంది. ఆ గుత్తే గడ్డ. నెల్లూరు మే నెలలో అరచెయ్యి ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

కొరిడేల్ అనేది న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో మెరినోను పొడుగు ఉన్ని లింకన్ గొర్రెతో కలిపి తయారుచేసిన జాతి. పీచు 25 నుంచి 31 మైక్రాన్ల దాకా ఉంటుంది, పింజ మెరినో కంటే పొడుగు. ఆ ఒకటి రెండు అంగుళాల తేడా చేతికి ఎంత వెసులుబాటు ఇస్తుందో వడికితే గానీ తెలియదు. మొదటి అరకిలో దీంతోనే వడకండి అని నా గట్టి సలహా. మెరినో అంత మెత్తగా ఉండదు, నిజమే. కానీ చేతకాని మెరినో దారం కంటే చక్కగా వడికిన కొరిడేల్ దారమే ఒంటికి హాయిగా ఉంటుంది. నా మొదటి టోపీ మెరినోదే, నుదురు గీసుకుంది ఉన్ని వల్ల కాదు, గడ్డల వల్ల. బ్లూఫేస్డ్ లెస్టర్ అనే గొర్రె ఉన్ని దొరికితే ఇంకా మంచిది: పొడుగు పింజ, మెరుపు, మెత్తదనం మూడూ ఉంటాయి. ధర మాత్రం చూసి, కాసేపు కుర్చీలో కూర్చుని, తర్వాత ఆర్డరు పెట్టండి.

సూపర్‌వాష్ అని రాసి ఉంటే అది మెషీన్లో ఉతికినా ముడుచుకోకుండా మందు పెట్టిన ఉన్ని. పీచు మీది పొలుసులను అణిచేస్తారు కాబట్టి జారిపోతుంది, లాగకముందే వచ్చేస్తుంది. చెయ్యి కుదిరాక తీసుకోండి. రంగు వేసిన టాప్ కూడా అంతే: రంగు కుండలో ఉడికి కాస్త బిగుసుకుని ఉంటుంది. మొదటిసారి తెల్లదే కొనండి.

ఒక జాగ్రత్త. ఊళ్ళో "ఉన్ని" అని అమ్మే రంగురంగుల బంతుల్లో చాలావరకు అక్రిలిక్. టాప్ రూపంలోనూ అక్రిలిక్ వస్తుంది, కలిపి కూడా అమ్ముతారు. నాకు ఒకసారి అచ్చమైన మెరినో పేరుతో అట్లా అంటగట్టారు. నాలుగు పీచులు తుంచి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి. ఉన్నయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి నల్లపూస అవుతుంది. పార్సిల్ విప్పగానే చెయ్యవలసిన మొదటి పని ఇదే.

దేనిమీద?

పత్తి తకిలి (చేత్తో తిప్పే చిన్న కదురు) ఇంట్లో ఉంటే దాన్ని అక్కడే ఉంచండి. అది పొట్టి పీచు సన్ననూలుకు చేసింది, బరువు చాలదు. ఉన్ని పురి ఎక్కేలోపే వెనక్కి తిరుగుతుంది. ఉన్నికి 25 నుంచి 40 గ్రాముల చెక్క కదురు కావాలి. సన్నటి దారానికి తేలిక, లావుకు బరువు. నాది ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే పనివాళ్ళ దగ్గర చేయించింది, ఒక పుల్ల, పైన ఒక బిళ్ళ, కొసన చిన్న ఇత్తడి కొక్కెం. వంటింటి తూకంలో 32 గ్రాములు తూగింది. బిళ్ళ కేంద్రం తప్పితే కదురు ఊగుతుంది, ఊగితే దారం అదురుతుంది. అందుకే తీసుకునేముందు అక్కడే గిర్రున తిప్పి చూడండి.

పెట్టె చరఖా మీద నాకు మమకారం ఎక్కువ. అయినా ఈ పనికి దాన్ని సిఫారసు చెయ్యలేను. ఒక చెయ్యి చక్రానికే సరిపోతుంది, దువ్విన ఉన్నికి రెండు చేతులూ పీచు మీదే కావాలి. పైగా ఒక్క చుట్టుకే కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది, ఉన్నికి అంత పురి ఎక్కితే దారం తీగలా బిరుసెక్కుతుంది. ఇంట్లో అదొక్కటే ఉంటే కింద చెప్పే మడత పద్ధతితో నెమ్మదిగా నడిపించవచ్చు.

కాలితో తొక్కే పెడల్ రాట్నం రెండు చేతులనూ వదిలేస్తుంది, వేగమూ ఎక్కువే. ధర పదుల వేలల్లో ఉంటుంది, చాలావరకు బయటి దేశాల నుంచి రావాలి. కరెంటుతో నడిచేవి చిన్నవి, ప్రయాణానికి బాగుంటాయి, కాలినొప్పి ఉన్నవాళ్ళకు వరం. వీటిలో ఏది కొన్నా ఒకటి గుర్తుంచుకోండి: దారాన్ని లోపలికి లాగే బిగువును మొదట బాగా తగ్గించి, దారం చుట్టుకోవడానికి సరిపడేంత మాత్రమే పెంచుతూ రండి. బిగువు ఎక్కువైతే పురి ఎక్కకముందే లాక్కుపోతుంది, చెయ్యి భయపడి గట్టిగా పట్టుకుంటుంది, మళ్ళీ గడ్డలు. నేను ఆరు నెలలు కదురు మీదే వడికి, తర్వాత ఒకరు వాడి అమ్మేసిన పెడల్ రాట్నం కొన్నాను. వరస మార్చి ఉంటే రాట్నాన్ని తిట్టుకుంటూ కూర్చునేదాన్నని నా నమ్మకం, ఎందుకంటే కదురు ఆగుతుంది, ఆలోచించుకోనిస్తుంది, రాట్నం ఆగదు.

చెయ్యి

పద్ధతులు పోల్చడానికి ఒకే కొరిడేల్ టాప్, ఒకే కదురు తీసుకుని, పద్ధతికి పది గ్రాముల చొప్పున వడికాను. నాలుగు చిలపలూ (దారపు కట్టలు) నల్ల అట్ట మీద పక్కపక్కన కట్టి ఉంచాను. వాటిని చూస్తే చాలు, చెప్పాల్సింది పెద్దగా లేదు.

వడికే ముందు టాప్‌ను సిద్ధం చెయ్యాలి. పార్సిల్లో నొక్కుకుపోయి వస్తుంది కాబట్టి ముందు విదిలించి, వెడల్పుకు మెల్లిగా తెరవాలి. మూరెడు ముక్క తీసి నిలువునా నాలుగు పాయలు చెయ్యాలి, కత్తెర పెట్టకుండా, చేత్తోనే. ప్రతి పాయ చూపుడువేలంత లావు చాలు. కొంతమంది ఆ పాయను ముందే సాగదీసి దారమంత సన్నం చేసి పెట్టుకుంటారు. నేనూ చేశాను. అప్పుడు సాగదీసిన హెచ్చుతగ్గులన్నీ దారంలో అట్లాగే అచ్చుపడ్డాయి. కొంచెం వదులు చేస్తే చాలు. పాయను ఒక కొస నుంచి, మరో కొస నుంచి వేళ్ళ మధ్య జార్చి చూడండి. కొన్నిసార్లు ఒకవైపు నుంచి మెత్తగా వస్తుంది, అటునుంచే మొదలుపెట్టండి.

తర్వాత పింజ పొడవు తెలుసుకోవాలి. పాయ కొసను రెండు వేళ్ళతో పట్టి లాగితే ఒక పొర ఊడివస్తుంది. దాని పొడవే పింజ పొడవు. రెండు చేతుల మధ్య దూరం దానికంటే కొంచెం ఎక్కువ ఉండాలి. తక్కువైతే ఒకే పీచును రెండు చేతులూ చెరో కొసన పట్టుకున్నట్టు, ఎంత లాగినా రాదు. "ఉన్ని మొండికేసింది" అని నేను తిట్టుకున్న రోజులన్నీ ఇదే సంగతి.

మొదటి చిలప మా అవ్వ పద్ధతిది. చెయ్యి వెనక్కి చాచి, పురిని పీచులోకి పోనిచ్చి లాగినది. పురికి ఒక గుణం ఉంది: ఎక్కడ సన్నగా ఉంటే అక్కడికి పరుగెత్తుతుంది, లావు చోట వదులుగా మిగులుతుంది. పత్తి ఏకులో పీచు పొట్టిది కాబట్టి సన్న చోట్లు బిగుసుకుని, లావు చోట్లు ఇంకా సాగి, మొత్తం సమానమవుతుంది. టాప్‌లో పీచు నాలుగైదు అంగుళాలు ఉండి, అంతా ఒకే వరసలో ఉంటుంది. పురి ఒక్కసారి అందులో దూరిందంటే అంత పొడవూ తాళం పడిపోతుంది, ఇక లావు చోటు లావుగానే ఉండిపోతుంది. నా చిలప పాము ఎలకను మింగినట్టుంది, ఒకచోట కాదు, జానెడుకొకటి.

రెండోది ముందుకు లాగే పొట్టి పద్ధతి. నున్నటి దారానికి ఇదే రాజు. వెనక చెయ్యి పాయను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి: జారిపోకూడదు, నలగకూడదు. ముందు చేతి బొటనవేలు, చూపుడువేలు దారాన్ని గిల్లినట్టు పట్టుకుని, పింజలో సగం దూరం ముందుకు లాగాలి. పురి ఆ గిల్లిన వేళ్ళు దాటి వెనక్కి రానే కూడదు. లాగాక అవే వేళ్ళు పట్టు వదలకుండా, వెంట్రుకలను అణుస్తూ, పీచు వైపుకు వెనక్కి జారాలి. వేళ్ళ వెనకాలే పురి నడిచి వస్తుంది. మళ్ళీ లాగు, మళ్ళీ జారు. ఆ జారేటప్పుడే దారం నున్నబడుతుంది. చూపు ఎక్కడ పెట్టాలంటే, దారం మీద కాదు, రెండు చేతుల మధ్య పీచు విసనకర్రలా విచ్చుకునే చోట. ఆ విసనకర్ర వెడల్పు మారకపోతే దారం లావు మారదు. ఇది తెలిసిన రోజు నాకు వారం పాటు నిద్రలో కూడా విసనకర్రలే.

మూడోది దీనికి కవల. ముందు చెయ్యి గిల్లి నిలబడుతుంది, వెనక చెయ్యి పొట్టిగా వెనక్కి లాగుతుంది. నూలు వడికినవాళ్ళకు చెయ్యి అలవాటుగా వెనక్కే పోతుంది కాబట్టి ఇది తొందరగా పట్టుబడుతుంది. చిలపలో తేడా నా కళ్ళకు దాదాపు కనబడదు. రాట్నం నేపథ్యం ఉన్నవాళ్ళు దీంతో మొదలుపెట్టండి. ఒక షరతు: ఆ వెనక్కి లాగడం రెండంగుళాల దగ్గర ఆగాలి. మూడో రోజుకు మీకు తెలియకుండానే చెయ్యి భుజం దాకా పోతుంది, చూసుకోండి.

నాలుగోది మడత. పాయలోంచి ఒక పింజ ఊడదీసి, చూపుడువేలి మీద అడ్డంగా మడిచి, మడత మధ్యలోంచి లాగాలి. పీచు రెండు కొసలూ వెనకే ఉంటాయి కాబట్టి గుత్తిగా ఊడిపడవు. సూపర్‌వాష్‌కూ, జారుడు పీచుకూ, పెట్టె చరఖాకూ ఇదే దారి. నునుపు కొంచెం తక్కువ, ఉబ్బు కొంచెం ఎక్కువ, సమానత మాత్రం బ్రహ్మాండం. కొత్తవాళ్ళకు మొదటి వారం ఇదే ఇచ్చి, తర్వాత రెండో పద్ధతికి తీసుకుపోవచ్చు. చిరాకు ఏమిటంటే ప్రతి రెండు నిమిషాలకు కొత్త పింజ అతకాలి.

అతుకు దగ్గరే చాలామంది దారం చెడుతుంది. తెగిన కొసను పురి విప్పి విసనకర్రలా విడదీసి, కొత్త పీచును దానిమీద మూడు నాలుగంగుళాలు పరిచి, కలిపి సన్నగా లాగాలి. ముడి వెయ్యకూడదు. ఇంతా చేసి గడ్డ పడితే, దానికి రెండువైపులా పట్టుకుని కొంచెం పురి విప్పి మెల్లిగా లాగితే సాగుతుంది. అప్పటికీ రాకపోతే తుంచి పారెయ్యండి. నేను మొదట్లో పీనాసితనంగా ఉంచేసేదాన్ని. మూడు రోజుల తర్వాత అదే గడ్డ సూది కొక్కేనికి అడ్డం తగిలేది.

పురి ఎంత అన్నదానికి అంకె చెప్పడం కష్టం, దారం లావును బట్టి మారుతుంది. అప్పుడే వడికిన దారం అడుగు పొడవు వదులు చేస్తే తనంతట తనే రెండు పేటలుగా మెలిపడుతుంది. ఆ మెలికను చూస్తే పూర్తయిన దారం ఎట్లా ఉంటుందో తెలిసిపోతుంది. నచ్చిన చోట ఒక ముక్క తుంచి, రాట్నానికి టేపుతో అంటించుకుని, గంటకోసారి దానితో పోల్చుకోండి. సన్నటి దారానికి, పొట్టి పింజకు పురి ఎక్కువ కావాలి. మెత్తగా ఉండాలని మెరినోకు పురి తగ్గించేవాళ్ళున్నారు. అట్లా చేసిన మేజోళ్ళు రెండు ఉతుకులకే ఉండలు కడతాయి.

వేళ కూడా ముఖ్యమే ఈ ఊళ్ళో. రోహిణి కార్తెలో నేను తెల్లవారి ఐదు నుంచి ఏడు దాకానే వడుకుతాను, పక్కన పొడి తువ్వాలు పెట్టుకుని. ఏసీ గదిలో చెమట ఉండదు గానీ గాలి పొడిబారి పీచు లేచి చేతికి, చీరకు అంటుకుంటుంది. అప్పుడు స్ప్రే సీసాతో గాలిలో నీళ్ళు ఒకసారి కొట్టి, ఆ తుంపర కింద పాయను పెడితే చాలు. చేతులకు కొబ్బరినూనె రాసుకోమని ఎవరో చెప్పారు. చేశాను. చిలప నెలరోజుల్లో మక్కిన వాసన వేసింది.

పేటలు, ఉతుకు

ఒంటి పేట దారం నేతకు సరే, అల్లికకు వంకర పోతుంది. కుడివైపు తిప్పి వడికితే ఎడమవైపు తిప్పి పేటలు కలపాలి. రెండు పేటలు బల్లపరుపుగా వస్తాయి, లేసుకు, నేతకు బాగుంటాయి. మూడు పేటలు గుండ్రంగా వస్తాయి, ఒకదాని సన్నతనాన్ని ఇంకొకటి కప్పేస్తుంది, కాబట్టి అల్లికకు మూడే నా ఓటు. ఒకే దారాన్ని గొలుసు వేసి మూడు పేటలు చేసే ఉపాయం ఉంది, కండె ఒక్కటే చాలు. కానీ గడ్డ ఉన్నచోట దాన్ని కప్పడానికి వేరే దారం అంటూ ఉండదు, తప్పు తప్పులాగే కనిపిస్తుంది. రంగులు వరసగా రావాలనుకుంటే తప్ప వద్దు.

చిలప కట్టి నాలుగు చోట్ల వదులుగా తాడు వేసి గోరువెచ్చని కుంకుడురసంలో పావుగంట నానబెట్టండి. రుద్దొద్దు. జాడించే నీళ్ళు కూడా అంతే వెచ్చగా ఉండాలి, వేడి నుంచి చల్లటిలోకి మారిస్తే ముడుచుకుంటుంది. తువ్వాల్లో చుట్టి నొక్కి, రెండు చేతులకూ తగిలించుకుని నాలుగుసార్లు టపటపమని విదిలించి నీడలో వేలాడదీయండి. కింద ఇటుక కట్టమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. అప్పటికి సాపుగా కనబడుతుంది, అల్లి ఉతికాక అసలు రూపం బయటపడి టోపీ రెండు వేళ్ళు కురచవుతుంది. నవంబరు వానల్లో రెండు రోజులైనా ఆరదు, కాబట్టి మాకు ఉతుకు పని జనవరికి.

దాచేటప్పుడు పురుగు భయం. ఒంగోలు వైపు మా చెల్లెలు పొగాకు కాడలు పెట్టమంది. పురుగు సంగతేమో గానీ టొరంటోలో పెట్టె విప్పిన అల్లుడు "అత్తయ్యా, ఇది టోపీయా, చుట్టల డబ్బానా?" అని ఫోను చేశాడు. ఇప్పుడు బాగా ఆరిన చిలపను గాలి చొరని కవర్లో పెట్టి, ముందు నాలుగు రోజులు ఫ్రీజర్లో ఉంచుతున్నాను, ఐసు ట్రే పక్కన.